నలభై రెండో చీటీ

కొత్త తూము పేరు కొడితే యంత్రం చచ్చిపోతుంది. వేగిరాల డివిజనులో ఈ సంగతి తెలియనివారు లేరు. లాకుల దగ్గర టీ కాచేవాడికి తెలుసు, వంతెన కింద వల విసిరేవాడికి తెలుసు. చదువుకున్నవారికి మరీ బాగా తెలుసు, ఎందుకంటే వారు కారణం కూడా చెప్పగలరు.

వారు చెప్పే కారణం ఇది. కాలువల శాఖవారు ఆ ఏడు మాతృభాషాభిమానంతో, ఇంగ్లీషు అక్షరం తగలకుండా కంప్యూటరును నడిపించే ప్రోగ్రామింగు భాష ఒకదాన్ని తయారు చేయించి, దానికి 'జలవాణి' అని నామకరణం చేశారు. తూముల రిజిస్టరును యంత్రంలోకి ఎక్కిస్తే చాలు. అది ఒక్కొక్క తూము పేరు మీద ఒక్కొక్క చిన్న ప్రోగ్రాము తానే రాసుకొని, ఏ రోజున ఎన్ని గంటల సేపు ఎన్ని అంగుళాల మేర తలుపు ఎత్తాలో లెక్కగట్టి చీటీ అచ్చు వేస్తుంది. సీజనంతటికీ ఆ చీటీ ఒక్కటే ఆధారం. దాన్ని చూసి లస్కరు చక్రం తిప్పుతాడు, నీరు పొలానికి పోతుంది. మంచి ఏర్పాటే.

ఏ ప్రోగ్రామింగు భాషకైనా కొన్ని మాటలు సొంతంగా ఉంటాయి. జలవాణి ముప్ఫై రెండు మాటలను తనకోసం అట్టిపెట్టుకొంది: అయితే, లేకపోతే, వరకు, మళ్ళీ, ఆపు, నిజం, అబద్ధం వంటివి. 'కొత్త' కూడా అందులో ఉంది. ఆ మాట కనబడితే యంత్రం దాన్ని ఎవరి పేరో అనుకోదు. లేనిదాన్ని దేన్నో పుట్టించమని తనకు అందిన ఆజ్ఞ అనుకొంటుంది.

ఇక రిజిస్టరు సంగతి. దానిలో నిలువు గడి పైన 'తూము పేరు' అని శీర్షిక ఉంది. పైన ఒకసారి చెప్పినదాన్ని కింద ప్రతి వరుసలోనూ చెప్పడం సిరా దండగ అని వెనకటి గుమాస్తా ఎవరో తలచి 'రేవు', 'పాత', 'సంత' అని మాత్రం రాసుకొంటూ పోయాడు. అన్నిటికన్నా చివర, నలభై రెండో వరుసలో, 'కొత్త' అని రాశాడు. ఆ తూము కట్టి అప్పటికి తొంభై ఆరేళ్ళు.

ప్రారంభోత్సవం నాడు పెద్దలు రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, మీట నొక్కారు. నలభై ఒక్క చీటీలు చకచకా వచ్చాయి. నలభై రెండోది రాలేదు. యంత్రం కీచుమని ఒక్క శబ్దం చేసి ఊరుకొంది.

"నేను ముందే అనుకున్నానండి," అన్నారు సూపరింటెండెంటు తటవర్తి కామేశం గారు. జలవాణి మీద ఇచ్చిన మూడు రోజుల శిక్షణలో ఆయన ఒక పూట కూర్చున్నారు. ఆ పూట చెప్పినది అట్టిపెట్టిన మాటల గురించే. "నలభై రెండోది కొత్త. యంత్రం సొంత మాటను తీసుకెళ్ళి దాని నోట్లోనే కుక్కాం. ఊపిరాడలేదు!"

అని పరుగున వెళ్ళి స్విచ్చి దింపేశారు. చీటీలు అచ్చు వేసే పెట్టెకు తాళం పెట్టించి, గుడ్డ చుట్టించి, లక్కతో సీలు వేయించారు. సభికులు చప్పట్లు కొట్టారు. ఒక ప్రాణాన్ని కాపాడిన వాతావరణం ఏర్పడింది.

యంత్రాన్ని నడపడానికి అవుట్‌సోర్సింగు పద్ధతిలో వచ్చిన అమ్మాయి గెడ్డం ప్రసూన. ఆమె డివిజనుకు పెద్ద ఇంజనీరైన ఈఈ ధూళిపాళ విశ్వపతి గారి గదికి వెళ్ళింది.

"సార్, ఒక్కసారి మళ్ళీ నొక్కి చూస్తాను. ఇలాంటి పేర్లు వస్తాయని ముందే తెలుసు. వస్తే ఆ పేరు వెనక చిన్న గీత ఒకటి తగిలించుకొని ముందుకు సాగమని ప్రోగ్రాములోనే రాశాం."

విశ్వపతి గారు కళ్ళజోడు తీశారు. "గీతా? ఎవరి అనుమతితో?"

"గీతకు అనుమతి ఏముంటుంది సార్?"

"అమ్మా, తొంభై ఆరేళ్ళుగా తోక లేకుండా ఉన్న నిర్మాణానికి ఇవాళ తోక పెడుతున్నావు. అది నిర్మాణ మార్పు. అంచనా వేయాలి, సాంకేతిక ఆమోదం పొందాలి. రేపు ఆడిట్‌వారు వచ్చి, ఈ గీత మట్టిదా కాంక్రీటుదా అంటే నేనేం చెప్పను?"

"అది తెర మీద గీత సార్. నొక్కి చూపిస్తాను, అర నిమిషం."

"నొక్కితే యంత్రం పోతే?"

"పోదు సార్."

"పోదని వ్రాసి ఇస్తావా?"

"ఇస్తాను సార్."

"నువ్వు అవుట్‌సోర్సింగు. నీ వ్రాత చెల్లదు," అని విశ్వపతి గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకొన్నారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది: 'ప్రజాధనముతో సమకూర్చుకొనిన యంత్రము యొక్క ఆరోగ్యమును దృష్టియందుంచుకొని, నలభై రెండవ వరుసయందలి నామమును యంత్రమున ప్రవేశపెట్టుట పదునైదు దినములపాటు నిషేధింపబడినది. ఈలోగా నిపుణుల సంఘము గీత యొక్క పూర్వాపరములను పరిశీలించును.'

ఈ పదిహేను రోజులూ కుడుపూడి అచ్చియ్యమ్మకు పనికిరావు. కొత్త తూము కింద, శివారున, ఆమె ఎకరంన్నర కౌలుకు చేస్తోంది. ఉన్న విత్తనాలన్నీ నానబెట్టి, మొలక కట్టి, నారుమడిలో చల్లేసింది. ఇంట్లో ఇక గింజ లేదు. నారు పోతే ఆ ఏటికి సార్వా పంట లేదు, నాటు లేని కౌలుదారును భూస్వామి రెండో ఏడు ఉంచుకోడు. ఆమె నాలుగు రోజులు బిందెలతో చెరువు నుంచి నీళ్ళు మోసి, అయిదో రోజున మా ఇంటికి వచ్చింది. అర్జీలో దేవుణ్ణీ జాతకాన్నీ మధ్యకు లాగకుండా రాసేది మా వీధిలో నేనేనని ఎవరో చెప్పారట.

"నాకు ఇదంతా అరదం కాదు గానండి మేష్టారూ, ఆ మిషనుకి నా తూము పేరంటే ఎందుకండి అంత కోపం? నలభై ఒక్క మందితో బాగానే ఉందంట."

"యంత్రాలకు కోపం ఉండదమ్మా."

"లేదండి, కామేశం గారు సెప్పారండి. పేరినగానే గుడ్లు తేలేసిందంట. ఆయ్."

లస్కరు నేరేళ్ళ సూరన్న ఆమెతోపాటే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తూము చక్రం తాళంచెవి అతని మొలతాడుకే వేలాడుతోంది. నా చూపు దాని మీద పడిందని గమనించి కండువా కప్పుకొన్నాడు.

"నన్నలా సూడకండి మేష్టారూ. సీటీ లేకుండా సక్రం మీద సెయ్యేత్తే ఉజ్జోగం ఊడుద్దని రాసి గోడకంటించారు. మా అచ్చియ్యమ్మక్క నారు సూత్తే నాకూ కడుపు తరుక్కుపోతందండి. తాళంచెవి నడుం మీద నిప్పులా కాలతంది."

"అయితే తీసి గట్టున పడేసి నిద్రోరా, ఎవరో ఒకరు తిప్పుతారు," అంది అచ్చియ్యమ్మ.

"అక్కా, నీకు నారే. నాకు ముగ్గురు పిల్లలే."

నేను అర్జీ రాశాను.

మూడో రోజుకు అర్జీ తిరిగి వచ్చింది. దానితో జతచేసిన మెమోలో ఇలా ఉంది: 'తమ అర్జీయందు మొదటి పేరా మూడవ పదము, అదే పేరా పదునొకండవ పదము, రెండవ పేరా ఏడవ పదము యంత్రమునకు హానికరములు. అవి ఏవియో ఇచట పేర్కొనుటకు వీలు లేదు.' లెక్కపెట్టి చూశాను. కొత్త, వరకు, అయితే.

విషయం ఏమిటంటే, ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితాన్నీ అదే యంత్రంలోకి ఎక్కించాలన్న నియమం ఒకటి అంతకు ముందే ఉంది. ఒక్క తూము పేరుకే ప్రాణం మీదికి వచ్చినప్పుడు మిగతా ముప్ఫై ఒక్క మాటలు మాత్రం ఊరుకొంటాయా అని కామేశం గారు తర్కించారు. మొదట అర్జీల్లో, తరువాత ఫైళ్ళలో, ఆ తరువాత సంభాషణలో వాటిని మాన్పించారు. సంభాషణ ఎందుకన్నవారికి ఆయన సమాధానం సిద్ధంగా ఉంది. "ఇవాళ్టి నోటిమాటే కదండీ, రేపటి నోట్‌ఫైలు?"

ఆ వారం నేను ఆఫీసుకు వెళ్ళి చూశాను. స్టోరుకు పంపే ఇండెంటులో 'మునుపెన్నడును లేని కలములు: ఆరు' అని ఉంది. ఇద్దరు గుమాస్తాలు మధ్యాహ్న భోజనం దగ్గర మాట్లాడుకొంటున్నారు.

"ఏమండీ, ఇది నిరుటి ఆవకాయా?"

"కాదండి. నిరుటిది కానిది."

"వేసుకోనా?"

"చాలు అనేదాకా వేసుకోండి. చాలు అనకపోయిన పక్షంలో ఇంకా వేసుకోండి."

గదిలో కామేశం గారు మెచ్చుకోలుగా తల ఊపారు. ప్రసూన నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది. "మాస్టారూ, ఒక్కసారి నొక్కనిమ్మని రోజూ అడుగుతున్నాను. నొక్కి చూసినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు."

"'ఇంతవరకు' అన్నావమ్మా, విన్నాను!" అన్నారు కామేశం గారు అక్కడి నుంచే.

ఇక్కడితో ఆగవలసింది. కానీ ఒక శాఖకు సొంత మాటలున్నాయని వినగానే తక్కిన శాఖలవారికి నిద్ర పట్టలేదు. ముప్ఫై రెండు మాటలు యంత్రానికి చెందగా లేనిది, ఒకటి రెండు తమకు చెందితే తప్పేమిటని వారు జిల్లా సమన్వయ సమావేశంలో నిలదీశారు. సమావేశం న్యాయంగానే వ్యవహరించింది. ఏ మాట మీద ఏ శాఖకు సహజమైన హక్కు ఉందో నిర్ణయించి, దానిని ఆ శాఖ మాత్రమే వాడుకొనేలా పంచిపెట్టింది. 'గడువు' విద్యుత్తువారికి వెళ్ళింది. 'నిషేధం' ఎక్సైజువారు పట్టుబట్టి తీసుకొన్నారు. 'ఉత్తర్వు'ను కలెక్టరు కార్యాలయం ఇంకెవరికీ ఇవ్వనంది. 'పొడిగింపు'ను రోడ్లవారు కోరారు, ఎవరూ కాదనలేదు. కాలువల శాఖ తన పరువుకు తగినట్టు 'నీరు' తీసుకొంది. పశువైద్యశాఖవారు ఆలస్యంగా రావడంతో 'తోక' ఒక్కటే మిగిలింది. దాని వల్ల గీత గురించి చర్చిస్తున్న నిపుణుల సంఘం పని ఆగిపోయింది.

నేను అచ్చియ్యమ్మకు రెండో అర్జీ రాశాను. తొంభై ఆరేళ్ళ కిందట కట్టిన తూము నుంచి తన మడికి నీరు వదలమని. అది గంటలో తిరిగి వచ్చింది: 'తొమ్మిదవ పదము ఈ శాఖ యొక్క సొంత పదము. ఇతరులు వాడరాదు.'

మూడో అర్జీలో పాఠ్యపుస్తకాన్ని ఆశ్రయించాను. రంగు, రుచి, వాసన లేని ద్రవపదార్థము ఎకరంన్నరకు సరిపడు నారుమడికి కావలెను అని రాశాను. దానికి విశ్వపతి గారే స్వయంగా సంతకం చేసిన జవాబు వచ్చింది: 'ఈ శాఖవారి కాలువయందు ప్రవహించు పదార్థమునకు రంగు, రుచి, వాసన మూడును కలవు. కావున తాము కోరిన పదార్థము ఈ శాఖ పరిధిలోనిది కాదని తెలియజేయుటకు సంతసించుచున్నాము.'

అందులో అసత్యం ఏమీ లేదు. అందువల్ల నాలుగోసారి రసాయనశాస్త్రం వాడాను. ఉదజని రెండు పాళ్ళు, ప్రాణవాయువు ఒక పాలు, కలిసి ఉన్న స్థితిలో, అత్యవసరంగా.

దీనికి జవాబు కాగితం రూపంలో రాలేదు. ఉదజని మండుతుందని, ప్రాణవాయువు మండిస్తుందని ఎవరో గ్రహించి అర్జీని అగ్నిమాపక కేంద్రానికి పంపారు. మర్నాడు పదింటికి గంట మోగించుకొంటూ ఎర్రబండి ఒకటి గట్టు మీదుగా వచ్చి అచ్చియ్యమ్మ మడి పక్కన ఆగింది. పన్నెండో రోజు అది. నారు పసుపు తిరిగింది, మడి నెర్రెలిస్తోంది.

స్టేషను అధికారి జోసెఫు గారు దిగి నాలుగు వైపులా చూశారు. "ఇక్కడ మండే వాయువులు నిలవ చేశారని ఫిర్యాదు. ఎక్కడమ్మా?"

"వాయువులు లేవండి బాబూ. వాయువులే ఉంటే నా నారు ఇలాగెందుకుంటదండి? ఆ బండిలో ఏటుందండి?"

జోసెఫు గారు ఇబ్బందిగా టోపీ సర్దుకొన్నారు. "ఆ మాట మేము అనకూడదమ్మా. కాలువలవాళ్ళది."

"ఎంతుందండి?"

"నాలుగున్నర వేల లీటర్లు."

అచ్చియ్యమ్మ పసుపు నారు ఒక గుప్పెడు పీకి ఆయన చేతిలో పెట్టింది. జోసెఫు గారు దాన్ని చూశారు, మడిని చూశారు, రికార్డు పుస్తకం తెరిచి, రాస్తూనే పైకి చదివారు. "స్థలము తనిఖీ చేయడమైనది. నేల మిక్కిలి ఎండి, అగ్నిప్రమాదమునకు అనువుగా ఉన్నందున, ముందుజాగ్రత్తగా తడపడమైనది." తరువాత తన మనుషులతో, "ఒరేయ్, గొట్టంతో కొట్టకండి, మొక్క లేచిపోతుంది. బోదె కాలువలోకి వదలండి, మెల్లగా," అన్నారు.

"మీ కడుపు సల్లగా ఉండాలయ్యా," అంది అచ్చియ్యమ్మ.

"రెండు మూడు రోజులే ఆగుతుందమ్మా ఇది. మళ్ళీ రావడానికి నాకు ఏదో ఒకటి అంటుకోవాలి."

రెండు మూడు రోజులే ఆగింది.

పదిహేనో రోజు సాయంత్రం. మొదటి ఉత్తర్వుకు ఆ రోజుతో కాలం చెల్లుతుంది. మరో పదిహేను రోజులు పెంచే ముసాయిదాను కామేశం గారు మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టారు. 'నిషేధం' ఎక్సైజువారిది. 'గడువు' విద్యుత్తువారిది. 'పొడిగింపు' రోడ్లవారిది. చివరకు ఆ కాగితాన్ని ఉత్తర్వు అనడానికీ లేదు. పావు తక్కువ అయిదుకు ఆయన ఒక వాక్యం పూర్తిచేసి ఈఈ గారి ముందు పెట్టారు. విశ్వపతి గారు చదివారు.

'పూర్వము వలదనుకొన్న దానిని ఇకమీదట కూడ వలదనుకొందుము గాక.'

"కామేశం గారూ, ఇది ప్రభుత్వ కాగితంలా లేదు. ఎవరినో మరిచిపోలేక రాసినట్టుంది."

"ఉన్న మాటలు ఇవేనండి."

"దీని మీద నేను సంతకం చేస్తే మా ఆవిడ సంజాయిషీ అడుగుతుంది."

అయిదు కొట్టింది. పైఅధికారులకు విన్నవించి మాటలు అరువు తెచ్చుకోవచ్చునని ఒక ఆలోచన వచ్చింది గాని, 'విన్నపం' ఎవరికి పంచారో జాబితాలో వెతికేసరికి ఆఫీసు మూసే వేళయింది.

పదహారో రోజు ఉదయం అచ్చియ్యమ్మ నారు మట్టితో సహా పళ్ళెంలో పెట్టుకొని ఆఫీసు వరండాలో కూర్చొంది. సూరన్న మెట్ల కింద నిలుచున్నాడు. నేనూ వెళ్ళాను. ప్రసూన పదింటికి వచ్చి, అచ్చియ్యమ్మ పళ్ళెంలోకి ఒకసారి చూసి, ఈఈ గారి గదిలోకి నడిచింది.

"సార్, పెట్టె తెరుస్తున్నాను."

"నిషే…" అని విశ్వపతి గారు ఆగారు. "వద్దన్నాం కదమ్మా!"

"నిన్న సాయంత్రం వరకు వద్దన్నారు సార్. ఇవాళ వద్దన్న కాగితం ఉంటే చూపించండి, ఆగిపోతాను."

విశ్వపతి గారు కామేశం గారి వంక చూశారు. కామేశం గారు సొరుగు తెరిచి, చూసి, మూశారు.

"కాగితం లేదండి."

"అలాగైతే," అని విశ్వపతి గారు లేచారు. ఆ మాటను మాన్పించిన తరువాత ఆ ఆఫీసులో వినబడిన మొదటి 'అయితే' అది. "నేను లాకుల తనిఖీకి వెళుతున్నాను. నేను లేను. నాకు తెలియదు."

కామేశం గారు మాత్రం పారిపోలేదు. వరండాలో, మెయిను స్విచ్చి మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకొని నిలుచున్నారు. గుమాస్తాలు బల్లల వెనక్కి తప్పుకొన్నారు. ప్రసూన లక్క పగలగొట్టింది, తాళం తీసింది, పెట్టె తలుపు ఎత్తి లోపల ఏదో సర్ది మూసింది. ఆ తరువాత తెర ముందు కూర్చొని, అందరికీ వినబడేలా ఒక్కొక్క అక్షరం పలుకుతూ 'కొత్త' అని కొట్టి, మీట నొక్కింది.

యంత్రం కీచుమంది. కామేశం గారు స్విచ్చి దింపబోయారు. ఆయన చేతి మీద అచ్చియ్యమ్మ చెయ్యి పడింది.

"ఉండండి బాబూ. బిడ్డ కనేటప్పుడు దీపం ఆర్పుతారేటండి?"

చీటీ వచ్చింది. దాని మీద పేరు 'కొత్త_' అని ఉంది. పక్కన రోజు, గంటలు, అంగుళాలు. సూరన్న దాన్ని రెండు చేతులా అందుకొని, ఒకసారి చదువుకొని, రెండోసారి చదవకుండా సైకిలెక్కాడు. ఒంటిగంటకల్లా రంగు, రుచి, వాసన మూడూ గల పదార్థం అచ్చియ్యమ్మ మడిలోకి పారింది. నారు ఆరు రోజులకు తేరుకొంది. నాట్లు కొంచెం ఆలస్యంగా పడ్డాయి, అయినా పడ్డాయి.

యంత్రం మనసు మార్చుకొందని ఇప్పుడు డివిజనులో చెప్పుకొంటున్నారు. ఆడకూతురు కన్నీరు చూసి కరిగిందని కొందరు, పదిహేను రోజులు మూసి ఉంచడంతో జబ్బు నెమ్మదించిందని కామేశం గారు. అచ్చియ్యమ్మ ఏడవలేదు, నేను అక్కడే ఉన్నాను. ఏమైనా, ఆ పేరును ఊరికే కొట్టరాదని, కొడితే యంత్రానికి మళ్ళీ తిరగబెడుతుందని అందరూ ఏకాభిప్రాయంతో ఉన్నారు.

ఆ పెట్టెలో తొలిరోజున అమర్చిన కాగితపు చుట్ట పొడవు పన్నెండున్నర మీటర్లు. చీటీ ఒక్కొక్కటి ముప్ఫై సెంటీమీటర్లు. ఆ చుట్ట నలభై ఒక్క చీటీలకు సరిపోతుంది. నలభై రెండోదానికి సరిపోదు.